ఆకుపచ్చ చుక్కకు లేని అభ్యంతరం హెచ్చరిక గుర్తుకెందుకు?

కొనేముందు లేబుల్ చదవండి అని చెప్పడం ఈమధ్య అందరికీ అలవాటైపోయింది. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ చెబుతుంది, టీవీ డాక్టర్లు చెబుతారు, వాట్సాప్‌లో రోజుకో వీడియో తిరుగుతుంది. 2024 మే నెలలో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లోనూ ఈ మాట ప్రత్యేకంగా ఉంది. సలహాలో తప్పు లేదు. ఆ లేబుల్ ఏ భాషలో ఉందని మాత్రం ఈ సలహాదారులు అడగరు.

విజయనగరం జిల్లా గజపతినగరంలో ఏ కిరాణా కొట్టుకైనా వెళ్లండి. ముందు వేలాడే సరాల్లోంచి ఒక ఐదు రూపాయల ప్యాకెట్ తెంపి వెనక్కి తిప్పండి. అతుకు పక్కన, సగం మడతలోకి పోయిన ఆవగింజంత ఇంగ్లిషు అక్షరాలు. ఉప్పు ఎంతుందో చూద్దామంటే సోడియం అని మిల్లీగ్రాముల్లో కనిపిస్తుంది. దాన్ని రెండున్నరతో హెచ్చవేస్తేగానీ ఉప్పు లెక్క రాదు. అదీ చాలావాటి మీద వంద గ్రాములకు. మీ చేతిలో ఉన్న ప్యాకెట్ అందులో ఎన్నో వంతో మీరే కట్టుకోవాలి. రోజుకు 2,000 మిల్లీగ్రాముల సోడియం దాటకూడదు, అంటే ఐదు గ్రాముల ఉప్పు, అన్న సంగతి ముందే తెలిసుండాలి. పొద్దున్నే కూలికెళ్లే తల్లి, పిల్లాడు చెయ్యి పట్టుకుని లాగుతుంటే, ఈ లెక్కంతా కొట్టు ముందు నిలబడి చెయ్యాలట!

చట్టం ఏమంటోంది? 2020 నాటి లేబులింగ్ నిబంధనల ప్రకారం వివరాలు ఇంగ్లిషులో గానీ, దేవనాగరి లిపిలో హిందీలో గానీ ఉండాలి. మరో భాష అదనంగా వేసుకుంటే అభ్యంతరం లేదు, వెయ్యకపోయినా అడిగేవాడు లేడు. 2011 జనాభా లెక్కల్లో విజయనగరం జిల్లా అక్షరాస్యత 59 శాతం. నేటి ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చిన నాటి 13 జిల్లాల్లో అన్నిటికన్నా తక్కువ. ఆ 59 శాతం కూడా ఏదో ఒక భాష చదవడం, రాయడం వచ్చినవాళ్లే. పైగా ప్యాకెట్ వైశాల్యం వంద చదరపు సెంటీమీటర్లు దాటకపోతే పదార్థాల జాబితా, పోషకాల పట్టిక వెయ్యనక్కర్లేదు. వాటిని పెద్ద పెట్టె మీద వేస్తే చాలు. రూపాయి, రెండు రూపాయల సరుకు కొనే పిల్లలకు చదవడానికి లేబులే ఉండదన్నమాట. పెద్ద పెట్టె దుకాణదారు దగ్గరే ఆగిపోతుంది.

మరి భాష రానివాళ్లకు చెప్పడం అసాధ్యమా? ఇదే దేశం 2001 నాటికే చేసి చూపించింది. శాకాహారమైతే ఆకుపచ్చ చుక్క, మాంసాహారమైతే గోధుమరంగు గుర్తు తప్పనిసరి చేసింది. సంతకం రాని ముసలమ్మ కూడా ఆ చుక్క చూసి, ఇది తినొచ్చో లేదో చెప్పేస్తుంది. దానికి అవగాహన సదస్సులు అక్కర్లేకపోయాయి. వినియోగదారుడు గందరగోళపడతాడని ఇవాళ ఎవరూ అనరు. చక్కెర, ఉప్పు, కొవ్వు ఎక్కువున్నాయని ప్యాకెట్ ముందు హెచ్చరిక గుర్తు వేద్దామనేసరికి మాత్రం అదే వినియోగదారుడు హఠాత్తుగా గందరగోళపడిపోతాడట.

చిన్న అక్షరాల్లో నిజం రాస్తే సరిపోతుందనే వాదన ఎంత దూరం వెళ్తుందో ఓఆర్ఎస్ వ్యవహారం తేల్చేసింది. విరేచనాలతో వడలిపోయిన పిల్లలకు పట్టే ద్రావణంలో, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ప్రకారం, లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజ్ ఉండాలి. దానికి ఎన్నో రెట్లు చక్కెర ఉన్న పానీయాలు ఓఆర్ఎస్ పేరు తగిలించుకుని మందుల షాపుల్లోనే అమ్ముడయ్యాయి. అంత చక్కెర పేగుల్లోకి నీటిని లాగి విరేచనాలను పెంచుతుంది. 2022 ఏప్రిల్‌లో ఆ పేరు వాడొద్దన్న మన ఆహార భద్రతా ప్రమాణాల సంస్థే జులైలో మెత్తబడింది. ‘ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన ఓఆర్ఎస్ కాదు’ అని ఒక వాక్యం వేస్తే చాలంది. ముందు వైపు పేరు, పక్కన దాన్ని కాదనే వాక్యం! ఇంగ్లిషు బాగా వచ్చిన నగరాల తల్లిదండ్రులే మోసపోయారు. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఎనిమిదేళ్లు పోరాడితే 2025 అక్టోబర్ 14న ఆ పేరు తీసెయ్యమన్నారు. కంపెనీలు వెంటనే ఢిల్లీ హైకోర్టు మెట్లెక్కాయి.

కాబట్టి తెలుగులో వేయించుకుంటే పని అయిపోతుందని నేననను. తెలుగు కావాలి, అది కనీస మర్యాద. కానీ అసలు పని చేసేది చుక్కలాంటి హెచ్చరిక గుర్తే. 2022 సెప్టెంబర్‌లో ముసాయిదాగా వచ్చిన, ప్యాకెట్‌కు నక్షత్రాలతో మార్కులేసే పద్ధతి దానికి సరిగ్గా ఎదురు. చక్కెర దండిగా ఉన్నా, కాస్త పీచు, కాసిని గింజలు చేరిస్తే మార్కులు కలుస్తాయి. పరీక్ష తప్పిన పిల్లాడికి హాజరు మార్కులు కలిపి గట్టెక్కించినట్టు. చోడి (రాగి) అంబలి తాగి పెరిగిన ఈ ప్రాంతానికే ‘రాగి’ బొమ్మ పెద్దగా వేసిన బిస్కెట్లు అమ్ముతున్నారు. కొన్నిటి వెనక చూడండి: మైదా, చక్కెర, పామాయిల్ తర్వాతే చోడి వంతు. జాబితాలో ఎక్కువ ఉన్నదే ముందుండాలన్నది నియమం. నక్షత్రాలొస్తే ఆ బొమ్మ పక్కన అవి కూడా మెరుస్తాయి.

అలాగైతే ఆవకాయ మీద, అప్పడాల మీద కూడా గుర్తు పడుతుంది కదా అంటారు కొందరు. పడనివ్వండి. ఆవకాయలో ఉప్పుందని మన అమ్మలకు ఎవరూ చెప్పక్కర్లేదు. పిల్లాడి తీపి బిస్కెట్‌లో ఉప్పుందని చెప్పాలి. చిన్న తయారీదార్లకు ఖర్చన్న మాటలో కొంత న్యాయముంది, వాళ్లకు గడువివ్వండి. ఆకుపచ్చ చుక్క వేసుకోగలిగినవాళ్లు ఇంకో గుర్తు వేసుకోలేరా?

ఇంకో వింత. బడి గేటుకు 50 మీటర్ల లోపు కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువున్న తిండి అమ్మకూడదని 2020లోనే నిబంధన పెట్టారు. ఏ ప్యాకెట్ ఆ కోవలోకొస్తుందో ప్యాకెట్ చెప్పదు. హెడ్మాస్టారు బడ్డీ కొట్టువాడితో ఏం చూపించి పోట్లాడాలి? చిలీ 2016లోనే ప్యాకెట్ ముందు నల్లటి హెచ్చరిక గుర్తు వేయించింది. గుర్తున్న తిండిని బడుల్లో అమ్మనివ్వలేదు. అక్కడ మాస్టారుకి వాదనతో పని లేదు.

మన సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 9న, ప్యాకెట్ ముందు లేబుల్ సంగతి మూడు నెలల్లో తేల్చమంది. ఆ మూడు నెలలు ఎప్పుడో దాటిపోయాయి. ఆలస్యానికి కారణం జనం నిరక్షరాస్యత కాదు, శాస్త్రం తేలకపోవడమూ కాదు. గుర్తు పడితే సరుకు అమ్మకం తగ్గుతుంది, అందుకే కంపెనీలకు అది ఇష్టం లేదు. కంపెనీల దగ్గర మొహమాటపడి, తప్పంతా చదవని తల్లి మీద తోసేసి, అవగాహన వారోత్సవాలు జరపడం నిస్సిగ్గు.

మన ఎంపీలు పార్లమెంటులో అడగాల్సింది రెండే: ప్యాకెట్ ముందు హెచ్చరిక గుర్తు ఏ తేదీ నుంచి? ఆంధ్రలో అమ్మే ప్యాకెట్ మీద తెలుగు ఎందుకు తప్పనిసరి కాదు? జవాబుగా తేదీ చెప్పమనండి, కమిటీ పేరు వద్దు.