అంచు నుంచి చూసిన చక్రం



ఎడ్లబండికి పక్కగా నిలబడితే చక్రం గుండ్రంగా కనిపిస్తుంది. బండికి ఎదురుగా నిలబడితే అదే చక్రం నిలువు పట్టీలా కనిపిస్తుంది. చక్రం మారలేదు, మనం నిలబడ్డ చోటు మారింది.

ఆకాశంలోనూ ఇటువంటి చక్రాలున్నాయి. కోటానుకోట్ల నక్షత్రాలు, వాయువు, ధూళి కలిసి తిరిగే ఆ చక్రాలను గెలాక్సీలంటారు. వాటిలో అంచు నుంచి కనిపించేవాటిలో మనకు అన్నిటికంటే దగ్గరిది ఏది? మన పాలపుంతే! మనం అందులోనే ఉన్నాము.

లోపల ఉండి అంచును చూడడమేమిటంటారా? మేడారం జాతరను తలచుకోండి. రెండేళ్ళకొకసారి, మాఘ పౌర్ణమి వేళ, ములుగు జిల్లాలోని ఆ అడవి పల్లెకు సమ్మక్క, సారలమ్మల దర్శనానికి లక్షలాది జనం వస్తారు. మీరు ఆ జనం మధ్య నిలబడ్డారనుకోండి. ఎటు తిరిగినా తలలే తలలు. పైకి చూస్తే మాత్రం ఒక్క తలా లేదు! జనం నేలమీద చాప పరచినట్టు ఉన్నారు గనుక అలా కనిపిస్తుంది.

పాలపుంత కూడా అంతే. కాంతి ఒక ఏడాదిలో పోయే దూరాన్ని కాంతి సంవత్సరం అంటారు. మన చక్రం వెడల్పు సుమారు 1,00,000 కాంతి సంవత్సరాలు. మందమో, మనం ఉన్నచోట సుమారు 1,000 మాత్రమే. చక్రం వెంబడి చూస్తే నక్షత్రాలు కిక్కిరిసి పాలపట్టీలా కనిపిస్తాయి. మరోవైపు చూస్తే పలచబడతాయి.

జాతరలో గద్దెల దగ్గర జనం మరీ దట్టంగా ఉంటారు. కాని దుమ్ము రేగితే దూరాన ఉన్నవారికి గద్దెలు కనబడవు. పాలపుంత నడిబొడ్డు ధనూరాశి వైపు, సుమారు 26,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నది. ధూళిమేఘాలు దానిని కప్పివేశాయి.

ఈ ధూళి ఒక గొప్ప పరిశోధకుణ్ణే ఏమార్చింది. విలియం హెర్షెల్ ఒక్కొక్క దిక్కున ఎన్ని నక్షత్రాలున్నాయో దూరదర్శినితో లెక్కపెట్టి, 1785లో పాలపుంత పటం ప్రకటించాడు. అది బల్లపరుపుగా ఉన్నదని కనిపెట్టాడు. కాని సూర్యుణ్ణి దాదాపు నడిమధ్యన పెట్టాడు! దుమ్ములో ఏ దిక్కునైనా కొంత దూరమే కనిపిస్తుంది. అందుచేత ఎవరికి వారే మధ్యన ఉన్నట్టు తోస్తుంది. ధూళి నక్షత్రాల వెలుగును తగ్గిస్తున్నదని 1930లో ట్రంప్లర్ రుజువు చేశాడు.

తన చక్రం రూపం లోపలివారికి తెలియడం కష్టం. బయట మరో చక్రాన్ని చూస్తే తేలికవుతుంది. అటువంటి చక్రాన్ని విలియం చెల్లెలు కరోలిన్ 1783లోనే, తోకచుక్కల కోసం వెతుకుతూ చూసింది! దాని పేరు ఎన్.జి.సి. 253. దూరం కోటి కాంతి సంవత్సరాలకు పైమాటే. అది దాదాపు అంచు నుంచే మనకు కనిపిస్తుంది.

దానిని మీరూ చూడవచ్చు. జాతర రోజుల్లో మాత్రం కాదు సుమా! అప్పుడు నిండు వెన్నెల, పైగా దీపాల వెలుగు. కార్తిక అమావాస్య రోజులలో, రాత్రి 8 గంటల వేళ, దీపాలు లేని ఆరుబయట పెద్దల తోడుతో నిలబడండి. దక్షిణాన, ఆకాశంలో సగం ఎత్తుకు కాస్త పైన, డిఫ్డా అనే నక్షత్రం ఒంటరిగా మెరుస్తుంటుంది. చేయి చాచి పిడికిలి పట్టండి. డిఫ్డాకు తిన్నగా కింద, ముప్పావు పిడికిలి దూరాన బైనాక్యులర్స్‌తో వెతకండి. సాగదీసినట్టున్న బూడిదరంగు మరక కనిపిస్తే అదే! మన చక్రం అంచును చూడాలంటే మే నెల అమావాస్య రోజులలో, రాత్రి 2 గంటలకు, అదే దక్షిణ దిక్కు చూడండి.

చివరగా ఒక తమాషా. ఎన్.జి.సి. 253 ఉన్న దిక్కు మన చక్రానికి దాదాపు నిట్టనిలువుగా ఉన్నది. జాతరలో పైకి చూసినట్టే అన్నమాట. అందుకే ధూళి అంతగా అడ్డురాదు. మరి అక్కడి నుంచి ఎవరైనా మనవైపు చూస్తే పాలపుంత ఎలా కనిపిస్తుంది? ఎడ్లబండి దగ్గరకు వెళ్ళి, ఆలోచించి చెప్పండి.

గుండ్రంగా, నిండు చక్రంలా! మనకు వారు అంచు, వారికి మనం చక్రం.