ప్రయోగశాలలో ఎడారి ఎండ

1983లో సమగ్ర క్షిపణి కార్యక్రమం ప్రారంభమైనప్పుడే ట్యాంకు విధ్వంసక క్షిపణి ‘నాగ్’ అందులో చేరింది. గొలుసుచక్రాల శకటంపై అమర్చిన నాగ్ వ్యవస్థ కొనుగోలుకు రక్షణ మంత్రిత్వశాఖ 1,801 కోట్ల రూపాయల ఒప్పందం చేసుకున్నది మాత్రం 2025 మార్చిలో. ఈ సుదీర్ఘ జాప్యానికి అధికార యంత్రాంగపు మందగమనాన్ని నిందించడం సులభం. ఆ నింద పూర్తిగా నిరాధారం కాదు కూడా. కాని చిక్కులలో ముఖ్యమైనదొకటి రాజస్థాన్ ఇసుకలో ఉన్నది.

నాగ్ శిరస్సున అమర్చిన పరారుణ నేత్రం వెలుతురును గాక వేడిమిని చూస్తుంది. చిమ్మచీకటిలో సైతం ట్యాంకును పోల్చుకోగలదు. అయితే నడివేసవిలో పోఖ్రాన్ ఇసుక, దానిపై నిలిచిన ట్యాంకు దాదాపు ఒకే వేడికి చేరినప్పుడు ఆ నేత్రానికి రెంటికీ భేదం తోచదు. దీనిని అధిగమించడానికి ఏళ్లు పట్టింది. 2019 జూలైలో వేసవి పరీక్షలు, 2020 అక్టోబర్ 22న తుది పరీక్ష విజయవంతమైనాయి.

నేత్రంలో చేసిన ప్రతి మార్పుకూ ఒక క్షిపణిని పేల్చి చూడడం ఏ దేశానికీ సాధ్యం కాదు. అందుకే ఎడారినే ప్రయోగశాలకు తెస్తారు. వేలాది సూక్ష్మ విద్యుత్ నిరోధకాలను పలకగా పేర్చి, ఒక్కొక్కదానిని కంప్యూటర్ ఆదేశం మేరకు వేడిచేస్తే, ఆ పలకపై ఇసుక, ట్యాంకు, పొగ వేడి చిత్రాలుగా కదలాడుతాయి. ఎదురుగా తిరుగుడు బల్లపై బిగించిన నేత్రం తాను నిజంగానే ఎగురుతున్నట్లు లక్ష్యాన్ని వెంటాడుతుంది. హైదరాబాద్‌లోని ఇమారత్ పరిశోధన కేంద్రం క్షిపణుల అసలు పరికరాలను ఈ విధంగా కంప్యూటర్‌తో జోడించి పరీక్షించడంలో అనుభవం గడించింది.

ఈ పద్ధతికీ పరిమితులు లేకపోలేదు. నిరోధకాలన్నీ ఒకే తీరున వేడెక్కవు. వేడెక్కినవి తక్షణం చల్లారవు. పలక స్వీయ ఉష్ణోగ్రతకన్న చల్లని ఆకాశాన్ని చూపడం దాని తరం కాదు. అన్నిటికీ మించి, ఎడారిలో కొలిచి తెచ్చిన వేడిమి లెక్కలు ఎంత నిజమో, ప్రయోగశాలలోని ఎడారీ అంతే నిజం. చిత్రకారుడు ఎరుగని ఎండ చిత్రంలోకి రాదు.

ఎన్ని క్షిపణులు గురి తగిలాయన్న ప్రశ్న పార్లమెంటులో తరచు వినబడేదే. ఏ ఋతువులో, ఏ వేళ, ఏ నేలపై కొలిచిన వేడిమితో వాటి నేత్రాలను పరీక్షించారన్నది అంతకన్న అవసరమైన ప్రశ్న. రహస్యాలు బయటపడతాయన్న శంక ఉంటే, రక్షణ వ్యవహారాల స్థాయీ సంఘం దానిని మూసిన తలుపుల వెనుకనే అడగవచ్చు. ప్రయోగశాలలో గురి తప్పితే మరునాడు సరిదిద్దుకోవచ్చు. సరిహద్దున తప్పితే మూల్యం చెల్లించేది జవాను.