ఆ తియ్యటి డబ్బా ఓఆర్‌ఎస్ కాదు!

హైదరాబాద్ నానక్‌రామ్‌గూడ హాస్టళ్లలో ఉండే పిల్లలకు ఈ మాట ఇవాళే చెప్పాలి. నైట్ షిఫ్ట్ ముగించుకుని వచ్చిన కుర్రాడికి తెల్లవారుజామున మోషన్స్ పట్టుకుంటాయి. ఊళ్లో అయితే అమ్మ గంజి వార్చి, ఇంత ఉప్పేసి తాగించేది. ఇక్కడ ఫోన్ తీస్తాడు. కాసేపట్లో ఓ తియ్యటి పానీయం డబ్బా, మోషన్స్ ఆపే మాత్రలు గుమ్మంలోకి వస్తాయి. రెండూ ప్రమాదం కావచ్చు.

ఓఆర్‌ఎస్‌లో గ్లూకోజు ఉండేది రుచికి కాదు. పేగు గోడ దాటి ఉప్పును, దాని వెంట నీటిని ఒంట్లోకి లాక్కుపోవడానికి. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌ఓ) లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు అని లెక్క కట్టింది. చక్కెర మితిమీరితే ఒంట్లోని నీరే పేగులోకి దిగి, విరేచనాలు ఇంకా పెరుగుతాయి. మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి, హైకోర్టు దాకా వెళ్లి పోరాడింది ఓఆర్‌ఎస్ పేరుతో అమ్మే తియ్యటి పానీయాల మీదే. 2025 అక్టోబరులో ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అలాంటి పానీయాల మీద ఓఆర్‌ఎస్ అన్న మాటే ఉండకూడదంది. పేరు తీసేసినా లోపలి చక్కెర అదే కావచ్చు. ‘డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా’ అని రాసి ఉన్న పొడి ప్యాకెట్టే అడిగి కొనండి.

లీటరు ప్యాకెట్టును లీటరు మంచినీళ్లలో ఒకేసారి కలపాలి. సగం పొడి గ్లాసులో వేసుకుంటే పాళ్లు తప్పుతాయి. కొద్దికొద్దిగా తాగండి, 24 గంటలు దాటితే పారబోయండి. ప్యాకెట్టు దొరక్కపోతే లీటరు నీటికి ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు, అంచుకు సమంగా కొలిచి కలపండి. పెరుగన్నం తినొచ్చు.

రక్తం పడుతున్నా, జ్వరం ఉన్నా మోషన్స్ ఆపే ఆ మాత్ర వేసుకోవద్దు. బయటికి పోవాల్సిన క్రిములు లోపలే ఉండిపోతాయి. రక్తం, నల్లటి విరేచనం, గట్టి జ్వరం, తాగిందల్లా వాంతి కావడం, తగ్గని కడుపునొప్పి, లేస్తే కళ్లు తిరగడం... వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. ఇవేమీ లేకున్నా రెండు రోజుల్లో తగ్గకపోతే డాక్టరుకు చూపించుకోండి. గర్భిణులు, షుగరున్నవాళ్లు, పసిపిల్లలు, పెద్దవాళ్ల విషయంలో అంత ఆగొద్దు.

రూమ్మేట్లూ, పక్క మంచం మీదివాడు మోషన్స్‌తో ముసుగుతన్ని పడుకుని ఉంటే లేపండి. బాత్రూమ్‌కు వెళ్తే గడియ పెట్టుకోవద్దని చెప్పండి. ఒంటేలుకు చివరిసారి ఎప్పుడు వెళ్లావని అడగండి. ఏడెనిమిది గంటలైందంటే లాగిన్ సంగతి తర్వాత, ముందు ఆటో పిలవండి.