నాలుకపై మోపు నింద

ఇంట వృద్ధులు భోజనమునకు కూర్చుండి "పులుసు చప్పగా నున్నదే, ఉప్పు వేయుట మఱచితివా?" యని యడిగినపుడు కోడలి ముఖము చిన్నబోవుట సోదరీమణు లెల్లరు నెఱిగినదే. నిన్నటి కొలతయే నేడును వేసితినని యామె యనును. వంటయందు శ్రద్ధ తప్పినదని యత్తగారు. ఇట్టి తగవులు మేము పెక్కు చూచితిమి. వానిలో ననేకమున నేర మిరువురిదియు గాదు, ముక్కుది.

ఇది పరిహాసము గాదు. ముక్కు గట్టిగా మూసికొని కాఫీ యొక గ్రుక్క త్రాగి చూడుడు. చేదును, తీపియు మాత్రమే తెలియును. ముక్కు విడిచిన తోడనే కాఫీ కాఫీ యగును. నమలునపుడు ఆహారమునుండి లేచు వాసన గొంతు వెనుకనుండి ముక్కులోనికి పోవును. దానినే మనము నాలుక రుచి యనుకొందుము. మన తర్కశాస్త్రమున రసములు ఆరు, గంధములో సుగంధము, దుర్గంధము అని రెండే. నేటి శాస్త్రజ్ఞుల లెక్క వేఱు. నాలుక కెఱుకపడునవి తీపి, పులుపు, ఉప్పు, చేదు, జపాను పండితుడు ఇకెడా 1908లో 'ఉమామి' యని పేరిడిన కమ్మదనము, ఇంతే. వాసనలకో ముక్కులో సుమారు 400 విధముల గ్రాహకము లున్నవి. వీని కుటుంబమును 1991లో వెల్లడించిన లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ అను అమెరికా పండితులకు 2004లో నోబెల్ బహుమానము లభించెను. కారమును రుచులలో చేర్చరు. అది మంటను తెలుపు వేఱొక నాడి పని యట. ఆవకాయ తిను మనవారి కీ మాట రుచింపదు!

చూపు, వినికిడి మెదడులో థాలమస్ అను మజిలీని దాటి గాని పైకి పోవు. వాసన మాత్ర మచట నాగకయే భయము, మమత, జ్ఞాపకము నెలకొన్న తావులకు సూటిగా చేరును. అందువలననే కర్పూరపు వాసన తగిలిన చిన్ననాటి దేవాలయము కన్నుల గట్టును. ఒకసారి వాంతి కలిగించిన పదార్థపు వాసనకే యేండ్లకొలది కడుపు త్రిప్పును.

అట్టి ద్వారము మూతపడినవారి నడవడి మాఱుటలో వింత యేమి? అరువదియేండ్లు దాటిన పిదప ననేకులకు వాసన మెల్లమెల్లగా సన్నగిల్లును, వారికే తెలియదు. కొందఱు ఉప్పు కలుపుకొని రక్తపుపోటు పెంచుకొందురు; కొందఱు రెండు ముద్దలతో లేచి చిక్కిపోవుదురు. 2020లో కరోనా వ్యాధివలన వాసన పోయిన పడుచువారును ఈ యవస్థ నెఱుగుదురు. అంతియే గాదు. వంటగ్యాసునకు స్వతః వాసన లేదు. కారినపుడు మనము కనిపెట్టుటకై దుర్వాసనద్రవ్యము దానిలో కలుపుదురు. అది సోకని వృద్ధురాలు ఒంటరిగా పొయ్యి వెలిగించుట యెంత ప్రమాదము!

కావున తగవునకు ముందు పరీక్ష చేయుడు. కన్నులు మూయించి కాఫీపొడి, ఇంగువ ముక్కుకడ పట్టుడు. ఏదియో చెప్పలేకున్న వైద్యునికి చూపుడు. జలుబో, ముక్కులో పెరిగిన కండయో కారణము గావచ్చును. పార్కిన్‌సన్ వ్యాధి వచ్చువారిలో కొందఱికి చేతివణకునకు చాల యేండ్లకు ముందే వాసన తగ్గును. అయినను వాసన తగ్గిన ప్రతివారికిని ఆ వ్యాధి వచ్చునని బెదరవలదు.

వంటలో ఉప్పు పెంచక నిమ్మరసము, అల్లము, మిరియము వాడుడు. అన్నము వేడిగా వడ్డింపుడు. చల్లారిన కూరకు పరిమళము తక్కువ. కరకరలాడు వడియము నోటికి వేఱొక సంతోషము.

జర్మనీదేశపు వైద్యుడు తోమాస్ హుమ్మెల్, ఆయన తోడివారు 2009లో ఒక సాధన ప్రకటించిరి: గులాబి, నిమ్మ, లవంగము, యూకలిప్టస్ వాసనలను దినమునకు రెండుసార్లు చొప్పున 12 వారములు చూచుట. కొందఱికి మేలు కలిగెను; అందఱికి గాదు. ఖర్చు స్వల్పము. లవంగము పోపులపెట్టెలోనే యున్నది, నీలగిరితైలము మందుల యంగడిలో దొరకును. ప్రొద్దున నొకసారి, రాత్రి నొకసారి, కోడలే దగ్గఱ కూర్చుండి పట్టిన పక్షమున అత్తగారు నడుమ మానకుందురు.