అభిమానమా, అంధభక్తియా?

కీర్తిని కోరని మానవుడు అరుదు. నలుగురిలో మంచి పేరు తెచ్చుకోవాలన్న కోరిక దోషం కాదు. ఎన్నో సత్కార్యాలకు అదే మూలం. గొప్పవారిని అభిమానించడం కూడా మానవ సహజమే. అయితే ఈ రెండు సహజ గుణాలనూ సరుకుగా మార్చి, మన చేతనే మోయించి, మనకే అమ్ముతున్న కాలంలో మనం జీవిస్తున్నాము. ఈ విషయం విద్యార్థి లోకం శాంతంగా ఆలోచించవలసినదని నా అభిప్రాయం.

2022లో జపాను దేశం నుండి 'నీడీ స్ట్రీమర్ ఓవర్‌లోడ్' అనే ఒక ఆట వెలువడింది. బొమ్మలూ సంభాషణలూ కలిసిన కథను చదువుతూ, మధ్యమధ్య మనమే నిర్ణయాలు చేస్తూ సాగే తరహా ఆట అది. అందులో ఒక యువతి అంతర్జాలంలో ప్రదర్శనలిస్తూ ఉంటుంది. ముప్పది దినాలలో ఆమెకు పది లక్షల మంది అనుచరులను సంపాదించి పెట్టడం ఆడేవాని పని. మనం చేసే ప్రతి నిర్ణయానికీ అనుచరుల సంఖ్యతో పాటు ఆమె మానసిక వ్యథ కూడా పెరగడమో తరగడమో జరుగుతుంది. కథకు ముగింపులు అనేకం. వాటిలో అధిక భాగం విషాదాంతాలే. ఆటలోని వ్యంగ్యం ఇక్కడే ఉన్నది. సంఖ్య మీద చూపు నిలిపినవాడు మనిషిని మరచిపోతాడు. ఆమెను ఆరాధించే సమూహమూ ఆమెను మనిషిగా చూడదు, తానూ మనుషుల సమూహంగా మిగలదు.

ఇది ఎక్కడో జపాను ముచ్చట అని కొట్టివేయడానికి వీలులేదు. అభిమాన సంఘాల విషయంలో తెలుగువారు ఎవరికీ తీసిపోరు. నందమూరి తారక రామారావుగారు 1982 మార్చి 29న పార్టీ స్థాపించి, 1983 జనవరిలోనే ముఖ్యమంత్రి కావడంలో, తెరపై రాముడుగా, కృష్ణుడుగా ఆయనను చూచిన ప్రజల ఆరాధన పాత్ర తక్కువది కాదు. అభిమానం సత్కార్యాలకూ దారితీసింది. 1998లో చిరంజీవిగారు స్థాపించిన రక్తనిధికి ఆయన అభిమానులు వేల సంఖ్యలో రక్తదానం చేశారు. ఇందులో ఆక్షేపించవలసినది ఏమీ లేదు.

కాని అదే అభిమానం వివేకాన్ని వీడిననాడు ఏమవుతున్నదో కూడా చూడాలి. 2020 సెప్టెంబరులో చిత్తూరు జిల్లా శాంతిపురం వద్ద ఒక ప్రసిద్ధ నటుని పుట్టినరోజు బ్యానరు కడుతూ ముగ్గురు యువకులు విద్యుద్ఘాతంతో మరణించారు. 2023 జులైలో నరసరావుపేట సమీపంలో మరొక నటుని పుట్టినరోజుకు ఫ్లెక్సీ నిలబెడుతూ ఇద్దరు డిగ్రీ విద్యార్థులు అదే విధంగా ప్రాణాలు కోల్పోయారు. 2024 డిసెంబరు 4వ తేదీ రాత్రి హైదరాబాదు సంధ్యా థియేటరు వద్ద 'పుష్ప 2' ముందస్తు ప్రదర్శన సందర్భంగా జరిగిన తొక్కిసలాటలో ఒక తల్లి మరణించింది. ఆమె కుమారుడు తీవ్రంగా గాయపడ్డాడు. ఆ తరువాత తప్పు నటునిదా, థియేటరువారిదా, పోలీసులదా అన్న వివాదం బహుకాలం నడిచింది. అది న్యాయస్థానాలు తేల్చవలసిన విషయం. మనం వేసుకోవలసిన ప్రశ్న వేరు: ఆ యువకుల చేత ఆ స్తంభం ఎత్తించినది ఏమిటి? ఎవరూ వారిని బలవంతం చేయలేదు. ఎవరూ కూలి ఇవ్వలేదు. పక్క ఊరివారి కటౌటు కంటె తమ కటౌటు ఎత్తుగా ఉండాలన్న పంతం ఒక్కటే వారిని అక్కడికి నడిపించింది.

ఆ పంతమే నేడు అంతర్జాలంలో ఇరువది నాలుగు గంటలూ సాగుతున్నది. 2016 సెప్టెంబరులో జియో సేవలు ఆరంభమైన పిదప డేటా వెల పడిపోయి, నిజాంసాగరు కాలువ కింద వరి పండించే పల్లెలకు సైతం తెర చేతిలోకి వచ్చింది. అది మేలే. కాని ఆ తెర వెనుక ఉన్న లెక్క మనకు తెలియాలి. యూట్యూబు 2018లో పెట్టిన నియమం ప్రకారం, ప్రకటనల ఆదాయంలో వాటా కోరేవారికి 1,000 మంది చందాదారులు ఉండాలి; వారి వీడియోలను పన్నెండు నెలలలో ప్రజలు 4,000 గంటలు చూచి ఉండాలి. అనగా చూచేవాని కాలమే అక్కడ పెట్టుబడి. తన హీరో ట్రైలరుకు ఒక్క దినంలో రికార్డు రావాలని అదే వీడియోను రాత్రంతా పదే పదే నడిపించే విద్యార్థి తాను సేవ చేస్తున్నానని అనుకుంటాడు. నిజానికి అతడు జీతం లేని నౌకరు.

ఈ కీర్తికి సొంత నేల కూడా లేదు. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం టిక్‌టాక్‌తో సహా 59 చైనా యాప్‌లను నిషేధించింది. లక్షలాది అనుచరులు గల మన పల్లె కళాకారుల పేర్లు ఒక్క రాత్రిలో మాసిపోయాయి. పరుల పొలంలో ఇల్లు కట్టుకున్నవాని గతి అది.

అంతకంటె విచారకరమైనది అభిమానం జూదానికి అమ్ముడుపోవడం. 2025 మార్చిలో హైదరాబాదులోని పంజాగుట్ట, మియాపూరు పోలీసులు, బెట్టింగు యాప్‌లకు ప్రచారం చేశారన్న ఆరోపణపై యూట్యూబు ప్రముఖుల మీద, కొందరు సినీ ప్రముఖుల మీద కేసులు నమోదు చేశారు. నేరం చేసినది ఎవరో తేల్చడం నా పని కాదు. కాని ఆ వ్యాపారపు పద్ధతి అందరికీ విదితమే. మనల్ని నవ్వించి, 'తమ్ముడూ' అని పిలిచి, మన ఇంటివాని వలె నమ్మకం సంపాదించినవాడు, ఆ నమ్మకాన్ని ఒక జూదపు సంస్థకు ఒక్క ప్రకటనతో అమ్ముకుంటాడు. అన్న చెప్పాడు కదా అని తమ్ముడు ఫీజు డబ్బు అందులో పెడతాడు. మన రాష్ట్రం 2017లోనే అంతర్జాల జూదాన్ని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం ఇటువంటి ఆటలకు ప్రకటన చేసినవారికి సైతం రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల రూపాయల వరకు జరిమానా నిర్దేశించింది. చట్టం రావడం హర్షణీయమే. కాని మనసు నమ్మిన తరువాత చట్టం ఎంతవరకు కాపాడుతుంది?

అంతర్జాల కీర్తి అంతా చెడ్డదని నేను అనడం లేదు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుండి వెలువడిన 'మై విలేజ్ షో' తెలంగాణ పల్లె మాటకూ హాస్యానికీ గౌరవం తెచ్చింది. పొలం పనులు చేసుకునే గంగవ్వ వృద్ధాప్యంలో రాష్ట్రమంతటా ప్రసిద్ధురాలు కావడం సంతోషకరం. అక్కడ జనులు మెచ్చినది ఒక పనిని, ఒక పలుకుబడిని. మెచ్చినది పనిని అయితే రేపు ఆ పని బాగులేనినాడు 'బాగులేదు' అని కూడా అనగలము. మెచ్చినది వ్యక్తిని మాత్రమే అయితే అలా అనలేము. అభిమానానికీ అంధభక్తికీ మధ్య గల గీత ఇదే. తన నాయకుని తప్పును తప్పు అన్నవానిని ద్రోహి అని తరిమే గుంపు ఏ పేరు పెట్టుకున్నా, అది అభిమాన సంఘం కాదు; కొత్త మతశాఖ.

మన కళాశాలలో రెండు భాషలు కలిసి చదువుకుంటున్నాయి. ఆ రెండు సంప్రదాయాలలోనూ మెచ్చుకోవడం ఎట్లాగో నేర్పిన సభలు ఉన్నాయి. ఉర్దూ ముషాయిరానే చూడండి. షేరు బాగున్నదంటే సభ 'వాహ్ వా' అంటుంది, 'ముకర్రర్' అని మళ్లీ చదివిస్తుంది. దీనినే 'దాద్' అంటారు. అదే కవి తరువాతి షేరు పేలవమైతే అదే సభ మౌనం వహిస్తుంది. దాద్ దక్కేది షేరుకే గాని కవి శరీరానికి కాదు. తెలుగు అవధానం మరొక అడుగు ముందుకు వేసింది. అష్టావధానిని గౌరవించే ఎనిమిది మంది పృచ్ఛకులే అతనికి చిక్కు ప్రశ్నలు వేస్తారు. అందులో ఒకరి పని అప్రస్తుత ప్రసంగంతో అతని ఏకాగ్రతను చెదరగొట్టడమే. గౌరవించడమూ పరీక్షించడమూ పరస్పర విరుద్ధాలు కావని మన పెద్దలు ఎరిగియుండిరి.

ఉర్దూలో 'షొహరత్', 'ఇజ్జత్' అని రెండు మాటలు ఉన్నవి. తెలుగులో ప్రసిద్ధి వేరు, పరువు వేరు. మొదటిది ఎంతమంది చూచారన్నదానిపై, రెండవది ఎటువంటి పని చేశామన్నదానిపై ఆధారపడుతుంది. దీనికి మన దగ్గరి నిదర్శనమే ఉన్నది. 1948లో దాశరథి కృష్ణమాచార్యులుగారు నిజామాబాదు కోటలోని జైలులో బందీగా ఉండి, బొగ్గుతో గోడల మీద పద్యాలు వ్రాశారు. అప్పుడు వారికి చదువరులు తోటి ఖైదీలు, జైలు కాపలాదారులు మాత్రమే. ఆ గోడకు వీక్షణల లెక్క లేదు. అయినా ఆ పద్యాలు నేటికీ తెలంగాణ నోట నిలిచి ఉన్నవి. ఆ దాశరథిగారే తరువాత గాలిబు కవిత్వాన్ని తెలుగు చేసి, మన రెండు భాషలకూ చుట్టరికం కలిపారు.

కనుక విద్యార్థి మిత్రులకు నా మనవి ఒక్కటే. మీరు నొక్కే ప్రతి 'లైకు' ఒక గవాహీ, అనగా ఒక సాక్ష్యం. 'నేను చూచాను, ఇది మంచిదని చెబుతున్నాను' అని లోకానికి మీరు ఇచ్చే మాట అది. దొంగ సాక్ష్యం పాపమని మన ఇళ్లలో అందరికీ నేర్పినదే. చూడకుండా, తూచకుండా, గుంపు నొక్కింది గదా అని నొక్కకండి. మీరు అభిమానించే వ్యక్తి జూదాన్ని మెచ్చుకున్ననాడు, మరొకరిని కించపరచిననాడు, 'అన్నా, ఇది తప్పు' అని వ్రాయండి. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని నవ్వితే నవ్వనివ్వండి. ఇక బ్యానరు కట్టడానికి విద్యుత్తు తీగల కిందికి పొమ్మనే అభిమానం ఎవరిదైనా, మీ తల్లి కంటె మీకు దగ్గరిది కాదు.

కళాశాల కార్యవర్గానికి ఒక సూచన. వార్షికోత్సవంలో సినిమా పాటల నృత్యాలకు కేటాయించే సమయంలో కొంత తీసి, ఒక సాయంత్రం చిన్న ముషాయిరా, చిన్న అవధానం ఒకే వేదికపై జరిపించండి. తెలుగు విద్యార్థి 'దాద్' ఇవ్వడం నేర్చుకుంటాడు. ఉర్దూ విద్యార్థి పృచ్ఛకుడై ప్రశ్నించడం నేర్చుకుంటాడు. బాగున్నప్పుడు చప్పట్లు కొట్టడం, బాగులేనప్పుడు చేతులు కట్టుకుని కూర్చోవడం తెలిసిన సభను ఏ సంఖ్యా మోసగించలేదు, ఏ ప్రకటనా కొనలేదు. అటువంటి సభ మన కళాశాలలో తయారు కావాలని ఆశిస్తున్నాను.