గీతల్లోని ముందుచూపు

బోరు మోటారు మాటిమాటికీ ఆగిపోతోందంటే ఊళ్లో మెకానిక్ వచ్చి స్టార్టర్ డబ్బా తెరుస్తాడు. ట్రిప్పవుతున్న ఓవర్‌లోడ్ రిలేను తప్పించి, రెండు వైర్లు కలిపి ‘డైరెక్ట్’ చేసి వెళతాడు. ఆ పూటకు నీళ్లు వస్తాయి. తర్వాతెప్పుడో లైన్లో ఒక ఫేజు పోతుంది. ఆపే రిలే లేదు కనుక వైండింగ్ కాలిపోతుంది. బోరులోంచి మోటారు పైకి తీయించే ఖర్చు, రీవైండింగ్ ఖర్చు, తడి అందక ఎండిన మడి రైతుకు మిగులుతాయి. ఈ నష్టంలో మెకానిక్ నిర్లక్ష్యం కంటే అతనికి పని నేర్పిన తీరుదే ఎక్కువ పాలు. ఏ వైరు ఏ స్క్రూకి బిగించాలో చెప్పారు. అది అక్కడే ఎందుకుండాలో తెలిపే సర్క్యూట్ బొమ్మను చదవడం నేర్పలేదు.

ఆ బొమ్మను మొదటిసారి చూసిన పిల్లలు తికమకపడడం సహజం. మోటారుకు కరెంటును కలిపి, తెంచే కాంటాక్టర్ డబ్బాలో ఒకటే వస్తువు. కాగితం మీద అది ముక్కలై కనిపిస్తుంది. మోటారుకు కరెంటు పంపే మూడు కాంటాక్టులు ఒకచోట ఉంటాయి. వాటిని లాగిపట్టే కాయిల్ ఇంకెక్కడో చిన్న దీర్ఘచతురస్రంగా ఉంటుంది. సహాయక కాంటాక్టు మరో మూలన ఉంటుంది. ఇవన్నీ ఒకే వస్తువని తెలిసేది పక్కన రాసిన కె1 వంటి పేరును బట్టే. ఏది ఎక్కడ బిగించి ఉందో చెప్పడం ఈ బొమ్మ పని కాదు. ఏది దేని మాట వింటుందో చెప్పడమే దాని పని. ఈ తేడా పట్టుబడితే సగం చదువు అయినట్టే.

మిగతా సగం ఊహలో ఉంది. కరెంటు లేనప్పుడు, ఎవరూ మీట నొక్కనప్పుడు ఉండే స్థితిలోనే బొమ్మలో అన్నిటినీ గీస్తారు. అందులో కరెంటును నడిపించాల్సింది చదివేవాడే. ఒక ఫేజు దగ్గర బయల్దేరి, ఫ్యూజు దాటి, ఓవర్‌లోడ్ రిలేలో 95, 96 అంకెల మధ్య మూసి ఉన్న కాంటాక్టు దాటి, మూసే ఉన్న, మోటారును ఆపే ఎర్ర మీటనూ దాటి, తెరిచి ఉన్న పచ్చ మీట దగ్గర ఆగుతాడు. అది నొక్కితే కాయిల్‌కు కరెంటు అందుతుంది, మోటారు తిరుగుతుంది. వేలు తీసినా ఎందుకు ఆగదు? పచ్చ మీటకు సమాంతరంగా ఉన్న 13, 14 అంకెల సహాయక కాంటాక్టు అప్పటికే మూసుకుంది కనుక. కరెంటు పోతే కాయిల్ పట్టు వదులుతుంది, ఆ కాంటాక్టూ తెరుచుకుంటుంది. కరెంటు తిరిగి వచ్చినా, ఎవరైనా వచ్చి నొక్కేదాకా మోటారు కదలదు. పిండిమర బెల్టు సరిచేస్తున్న మనిషి వేళ్లను కాపాడేది ఈ చిన్న ఏర్పాటే.

ఓవర్‌లోడ్ రిలేలోనూ ఇలాంటి నేర్పే ఉంది. మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంటే, రెండు లోహాలు అతికించిన పట్టీలు వేడెక్కి వంగుతాయి. అవి తెంచేది మోటారుకు వెళ్లే పెద్ద కరెంటును కాదు, కాయిల్‌కు వెళ్లే చిన్న కరెంటును. మోటారును ముందుకీ వెనక్కీ తిప్పే సర్క్యూట్ చూడండి. రెండు ఫేజులు తారుమారు చేయడానికి రెండు కాంటాక్టర్లు కావాలి. అవి ఒకేసారి పడితే ఫేజుకు ఫేజు తగిలి షార్ట్ సర్క్యూట్ అవుతుంది. అందుకే ఒకదాని కాయిల్ దారిలో రెండోదాని మూసి ఉండే కాంటాక్టును పెడతారు. ఒకటి పనిలో ఉన్నంతసేపు రెండోదానికి దారి ఉండదు. స్టార్ డెల్టా స్టార్టర్లోనూ ఇదే ఇంటర్‌లాక్. కీడెంచి మేలెంచమన్న పెద్దల మాటను ఇంత నిష్ఠగా పాటించిన రాత అరుదు.

ఈ ముందుచూపును జనానికి విప్పి చెప్పకపోతే ఏమవుతుందో, కరెంటు రాగానే మోటారును దానంతటదే నడిపించే ఆటో స్టార్టర్ల విషయంలో చూశాం. కరెంటు ఏ వేళకొస్తుందో తెలియని రోజుల్లో, పాములకూ షాకులకూ భయపడుతూ అర్ధరాత్రి బావి దగ్గరికి పోలేక రైతులు వాటిని పెట్టుకున్నారు. అందుకు వాళ్లను తప్పుపట్టలేం. కానీ అలా పెట్టుకున్నచోట, కరెంటు రాగానే ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింది మోటార్లన్నీ ఒక్కసారే లేస్తాయి. నేరుగా స్టార్టయ్యే మోటారు ఆ క్షణంలో మామూలుకన్నా ఆరేడు రెట్లు కరెంటు లాగుతుంది. 2018 జనవరి 1న తెలంగాణలో సాగుకు 24 గంటల కరెంటు మొదలైనప్పుడు, ఆటో స్టార్టర్లు తీసేయాలని ప్రభుత్వం రైతులను కోరింది. నీటి వృథా గురించీ చెప్పింది. ఆ మాటకు తోడు స్టార్టర్ బొమ్మ ఒకటి గీసి చూపి ఉంటే, అది పైనుంచి వచ్చిన ఆజ్ఞలా కాక, తనకు అర్థమైన లెక్కలా రైతు మనసుకు ఎక్కేది.

ఈ విద్య ఎల్లలు దాటుతుంది కూడా. 1906లో ఏర్పడిన అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ ఈ గుర్తులకు ప్రమాణాలు రూపొందించింది. మన ప్రమాణాలదీ అదే బాట. అమెరికా బొమ్మల్లో కాయిల్ గుండ్రంగా ఉంటుంది, కాంటాక్టు రెండు నిలువు గీతలుగా ఉంటుంది. తర్కం మాత్రం అన్నిచోట్లా ఒకటే. గల్ఫ్‌కు వెళ్లిన మన ఎలక్ట్రీషియన్ అక్కడి భాష రాకపోయినా ప్యానెల్ బొమ్మ చదవగలిగితే హెల్పర్‌గా మిగిలిపోనక్కరలేదు.

పదో తరగతి తర్వాత రెండేళ్ల ఐటీఐ ఎలక్ట్రీషియన్ కోర్సులో ఈ గుర్తులన్నీ ఉన్నాయి. అయితే వాటిని పట్టికగా బట్టీ పట్టించి, రికార్డులో గీయించి వదిలేస్తే అవి పరీక్ష దాకానే గుర్తుంటాయి. స్క్రూడ్రైవర్ చేతికిచ్చే ముందే బొమ్మను చదివించాలి. అందులో ఒక కాంటాక్టును వేలితో మూసి, ‘ఇది లేకపోతే ఏమవుతుంది?’ అని అడగాలి. స్టార్టర్ మూత లోపల అతికించే సర్క్యూట్ బొమ్మ మీద పేర్లు తెలుగులోనూ ఉండాలని తయారీదారులను కోరాలి. పెద్ద ఖర్చేమీ లేని పనులివి. ‘ఇది లేకపోతే ఏమవుతుంది?’ అన్న ఒక్క ప్రశ్నకు సొంతంగా జవాబు చెప్పగలిగిన విద్యార్థి చేతిలో ఊరి మోటార్లే కాదు, వాటి దగ్గర పనిచేసే మనుషులూ భద్రంగా ఉంటారు. ఎలక్ట్రీషియన్ సర్టిఫికెట్ ఇచ్చే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.