మేత భూమికి విశ్రాంతి – పశుపోషణకు ఊతం

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలలో కదిలే విద్యుత్ కంచెతో వంతుల మేత: అవకాశాలు, పరిమితులు, జాగ్రత్తలు

(ప్రత్యేక విశ్లేషణ)

ఉమ్మడి చిత్తూరు జిల్లా పశ్చిమ భాగంలోని మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలలో వ్యవసాయం ప్రధానంగా వర్షం మీద, బోరుబావుల మీద ఆధారపడి ఉన్నది. వేరుశనగ దెబ్బతిన్న సంవత్సరంలోను, టమోటా ధర పతనమైన రోజులలోను రైతు కుటుంబాన్ని ఆదుకొనేది పాల ద్వారా, గొర్రెల అమ్మకం ద్వారా వచ్చే ఆదాయమే. అయితే పశుపోషణకు మూలాధారమైన మేత కొరత ఈ ప్రాంతాన్ని తరచుగా పీడిస్తున్నది. బీడు భూములు, గుట్ట పోరంబోకులు, చెరువు శిఖం భూములలో పశువులు సంవత్సరం పొడవునా తిరుగుతుండటంతో గడ్డి మొలక నిలదొక్కుకొనేందుకు వ్యవధి లేకుండా పోతున్నది. ఈ నేపథ్యంలో, మేత భూమిని చిన్న భాగాలుగా విభజించి, ఒక్కొక్క భాగాన్ని వంతులవారీగా మేపే పద్ధతిని, అందుకు ఉపకరించే కదిలే విద్యుత్ కంచెను స్థానిక పరిస్థితుల దృష్టితో పరిశీలించవలసిన అవసరం ఉన్నది.

విశ్రాంతి లేని గడ్డి

కొరికిన గడ్డి తిరిగి చిగురించేందుకు వేళ్లలో దాచుకొన్న నిల్వను వాడుకొంటుంది. ఆ చిగురు ఎదిగి, ఆకులు తయారుచేసే ఆహారంతో వేళ్లు మళ్లీ బలపడకముందే పశువు రెండవసారి కొరికితే నిల్వ తరిగిపోతుంది. ఇదే పలుమార్లు జరిగినచో మేలైన గడ్డి నశించి, పశువులు ముట్టని ముళ్లకంపలు, కలుపు మొక్కలు ఆ స్థలాన్ని ఆక్రమిస్తాయి. ఫ్రాన్స్ దేశానికి చెందిన ఆండ్రే వోయ్‌సిన్ 1957లో ప్రచురించిన గ్రంథంలో ఈ అంశాన్ని విపులంగా చర్చించారు. పశువుల సంఖ్యతో పాటు, అవి ఒకే చోట ఎన్ని రోజులు మేస్తున్నాయి, ఆ తరువాత ఆ భూమికి ఎన్ని రోజుల విశ్రాంతి లభిస్తున్నది అనేవి కీలకమని ఆయన సూచించారు.

దీని లెక్క సులభమైనది. గడ్డి కోలుకొనేందుకు 30 రోజులు అవసరమై, ఒక్కొక్క భాగంలో పశువులను 2 రోజులు మేపదలచినచో, 30ని 2తో భాగించగా వచ్చిన 15కు, పశువులు ప్రస్తుతం మేస్తున్న భాగాన్ని కలిపి మొత్తం 16 భాగాలు కావాలి. వర్షాలు తగ్గి విశ్రాంతి కాలం 60 రోజులకు పెరిగితే 31 భాగాలు కావలసి వస్తాయి. శాశ్వత కంచెతో ఇన్ని భాగాలు చేయడం చిన్న రైతుకు సాధ్యం కాదు. కదిలే కంచె ప్రయోజనం ఇక్కడే ఉన్నది. అదే తీగను రోజుకొక చోటికి మార్చుకొంటూ భాగాల పరిమాణాన్ని ఋతువును బట్టి పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు.

మంద కట్టడంలో ఉన్న మెలకువ

ఈ ఆలోచన రాయలసీమ రైతుకు పూర్తిగా కొత్తది కాదు. పంట కోసిన చేలలో గొర్రెల మందను రాత్రిపూట నిలిపి, తడికెలను లేదా వలలను మరుసటి రోజు పక్క స్థలానికి జరుపుతూ చేను మొత్తానికి ఎరువు అందేట్లు చూడటం తరతరాల ఆచారం. మంద నిలిపినందుకు రైతు గొర్రెల కాపరికి ధాన్యమో, డబ్బో ముట్టజెప్పుతాడు. ఎరువు కోసం రాత్రివేళ పాటిస్తున్న ఈ వంతును మేత కోసం పగటివేళకు కూడా విస్తరించడమే వంతుల మేతగా చెప్పవచ్చు.

కంచె పనిచేసే తీరు

1930వ దశకంలో న్యూజిలాండ్‌లో బిల్ గాలహర్ కృషితో వ్యాప్తిలోకి వచ్చిన విద్యుత్ కంచెలో ఎనర్జైజర్ అనే పరికరం ప్రధానమైనది. బ్యాటరీతో గాని, సౌరఫలకంతో గాని నడిచే ఈ పరికరం తీగలోకి నిరంతరంగా విద్యుత్తును పంపదు. సుమారు సెకనుకు ఒక్కసారి, అత్యంత స్వల్ప కాలం పాటు, అధిక వోల్టేజి గల తాకిడిని మాత్రమే పంపుతుంది. ఐఈసీ 60335-2-76 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఒక్కొక్క తాకిడి శక్తి 5 జౌళ్లను, వ్యవధి సెకనులో నూరవ వంతును మించరాదు. తాకిన పశువు ఉలిక్కిపడి వెనుకకు తగ్గుతుంది. రెండు తాకిడుల మధ్య విరామం ఉన్నందున తీగను వదిలించుకొనే అవకాశం దానికి ఉంటుంది. ఒకటి రెండుసార్లు అనుభవమైన తరువాత పశువు తీగకు దూరంగానే మెలగుతుంది.

ఎనర్జైజర్‌తో పాటు సన్నని లోహపు పోగులు కలిపి అల్లిన ప్లాస్టిక్ తీగ, దానిని చుట్టే రాట్నం, కాలితో తొక్కి నేలలో దించగల తేలికపాటి గుంజలు, నేలలో పాతే ఎర్తింగ్ కడ్డీ ఉంటే సరిపోతుంది. అయితే ఈ ప్రాంతంలో ప్రత్యేకంగా గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. పశువు శరీరం గుండా, నేల గుండా విద్యుత్తు తిరిగి పరికరానికి చేరినప్పుడే తాకిడి తెలుస్తుంది. వేసవిలో ఎర్రనేలలు, గరప నేలలు పూర్తిగా ఎండిపోయినప్పుడు ఈ మార్గం బలహీనపడి కంచె పనిచేయనట్లే కనిపిస్తుంది. ఎర్తింగ్ కడ్డీలను తేమ ఉండే చోట లోతుగా పాతడం, లేదా పై తీగకు తోడుగా ఎర్తింగ్‌కు కలిపిన రెండవ తీగను లాగడం ఇందుకు పరిష్కారం. గడ్డి, కంప తీగకు తగిలినా తాకిడి బలహీనమవుతుంది.

మూడు ప్రాంతాలు – మూడు పరిస్థితులు

టమోటా మార్కెట్‌కు దేశవ్యాప్తంగా పేరొందిన మదనపల్లె ప్రాంతంలో బోరు కింది భూమికి పోటీ ఎక్కువ. ఇక్కడ కంచెకు అనువైనవి పంటల మధ్య ఖాళీగా ఉండే చేలు, మామిడి తోటల నడుమ పెంచుకొన్న గడ్డి, స్టైలో, అంజన్ గడ్డి వేసుకొన్న బీళ్లు. పురుగుమందులు చల్లిన టమోటా చేలలోకి పశువులను వదలరాదు. వర్షాభావంలో వాడిన లేత జొన్నను, కోసిన మోళ్ల నుండి వచ్చిన పిలకలను మేస్తే నాము సోకి పశువులు మరణించే ప్రమాదం ఉన్నందున, అటువంటి భాగాన్ని తీగతో వేరుచేయడం అదనపు ప్రయోజనం.

పుంగనూరు పేరుతో ప్రసిద్ధి చెందిన పొట్టి ఆవు ప్రపంచంలోని అతి చిన్న మూపురపు పశుజాతులలో ఒకటి. ఎత్తు సుమారు 70 నుండి 90 సెంటీమీటర్లు, బరువు 115 నుండి 200 కిలోలు ఉండే ఈ జాతి పరిరక్షణకు పలమనేరులోని పశు పరిశోధన కేంద్రం కృషి చేస్తున్నది. పశువు రోజుకు తన బరువులో సుమారు రెండున్నర శాతం ఎండుపదార్థాన్ని తింటుందని లెక్కించినచో, 400 కిలోల సంకరజాతి ఆవుకు 10 కిలోలు కావలసి ఉండగా, 150 కిలోల పుంగనూరు ఆవుకు 4 కిలోలలోపు సరిపోతుంది. కొద్దిపాటి భూమిలో వంతుల మేతకు ఈ జాతి అనువైనదే. అయితే పెద్ద ఆవులకు కట్టిన ఎత్తులోనే తీగ కడితే ఈ ఆవు దాని కింది నుండి దూరిపోగలదు. పశువు ముక్కు ఎత్తుకు తీగ ఉండేట్లు చూసుకోవాలి. గొర్రెలకు ఒక తీగ చాలదు; మూడు నాలుగు వరుసలు గాని, విద్యుత్ వల గాని అవసరం. నెల్లూరు జాతి గొర్రెలకు దట్టమైన ఉన్ని లేనందున తాకిడి బాగానే తెలుస్తుంది. మేకలను నిలుపడం కష్టతరం.

మూడు రాష్ట్రాల కూడలిలో ఉన్న కుప్పం ప్రాంతంలో పరిస్థితి వేరు. 1980వ దశకంలో పొరుగు రాష్ట్రాల నుండి ఏనుగులు ఈ అడవులకు తరలివచ్చిన దరిమిలా, 1990లో సుమారు 357 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలో కౌండిన్య వన్యప్రాణి అభయారణ్యం ఏర్పాటయింది. పంటలపై ఏనుగుల దాడులను అదుపు చేసేందుకు కందకాలు, సౌర విద్యుత్ కంచెలు నిర్మించడం, 2025లో కర్ణాటక నుండి కుంకీ ఏనుగులను రప్పించడం జరిగింది. పశువుల కోసం కట్టే పలుచని తీగ ఏనుగును ఆపలేదు. దంతాలకు విద్యుత్తు అంతగా సోకదని గ్రహించి బలమైన సౌర కంచెలను సైతం ఏనుగులు పడగొట్టిన సందర్భాలున్నాయి. కనుక అడవి అంచు గ్రామాలలో మేత కంచెను పంట రక్షణ సాధనంగా భావించరాదు. సాయంత్రం పశువులను ఇంటికి తోలుకొని వచ్చి, తీగను చుట్టివేయడం శ్రేయస్కరం.

ప్రాణాంతకమైన పొరపాటు

విద్యుత్ కంచె అనగానే కరెంటు స్తంభం నుండి గాని, మోటారు స్టార్టరు నుండి గాని నేరుగా తీగకు విద్యుత్తు ఇవ్వడమని భావించడం అత్యంత ప్రమాదకరం. అటువంటి తీగలో విద్యుత్తు నిరంతరాయంగా ప్రవహిస్తుంది. కండరాలు బిగుసుకుపోయి తాకినవారు వదిలించుకోలేరు. అడవిపందుల కోసం రహస్యంగా అమర్చిన ఇటువంటి తీగలకు రైతులు, కూలీలు, కాపరులు, పశువులు, ఏనుగులు బలి కావడం రెండు తెలుగు రాష్ట్రాలలోను పదేపదే జరుగుతున్నది. దేశవ్యాప్తంగా 2018-19 నుండి 2020-21 వరకు మూడు సంవత్సరాలలో 222 ఏనుగులు విద్యుదాఘాతంతో మరణించినట్లు కేంద్ర ప్రభుత్వ గణాంకాలు తెలుపుతున్నాయి. ఏనుగు మరణానికి కారకులైనవారికి వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం మూడు నుండి ఏడు సంవత్సరాల వరకు జైలుశిక్ష పడే అవకాశం ఉన్నది. అనధికారికంగా విద్యుత్తు వాడుకోవడం విద్యుత్ చట్టం, 2003 ప్రకారం నేరం.

ఉమ్మడి భూములలో ఊరి కట్టుబాటే కంచె

సొంత భూమిలో తీగ లాగడం రైతు ఇష్టం. గ్రామ పోరంబోకులో తీగ లాగితే అది వేరొకరి మేత హక్కును అడ్డుకొంటుంది. సొంత భూమి లేని గొర్రెల కాపరులకు, ఒకటి రెండు ఆవులు మాత్రమే గల మహిళలకు ఈ భూములే ఆధారం. ఆక్రమణకు గురైన గ్రామ ఉమ్మడి భూములను తిరిగి పంచాయతీలకు అప్పగించేందుకు పథకాలు రూపొందించవలసిందిగా 2011 జనవరి 28న సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. కంచె పేరిట మరొక ఆక్రమణకు తావివ్వరాదు. మదనపల్లె పరిసర గ్రామాలలో ఫౌండేషన్ ఫర్ ఎకలాజికల్ సెక్యూరిటీ సంస్థ గ్రామ సంఘాలతో కలిసి ఉమ్మడి భూముల పునరుద్ధరణకు కృషి చేస్తూ వచ్చింది. ఏ గుట్టను ఏ నెలలలో మూసి ఉంచాలి, ఎప్పుడు తెరవాలి అనే విషయాన్ని గ్రామస్థులందరూ కూర్చుని నిర్ణయించుకొన్నచోట, తీగ లేకున్నా గడ్డికి విశ్రాంతి లభిస్తుంది.

ఆశించదగినది, ఆశించరానిది

వంతుల మేతను సర్వరోగ నివారిణిగా భావించడం సరికాదు. 2008లో రేంజ్‌ల్యాండ్ ఎకాలజీ అండ్ మేనేజ్‌మెంట్ పత్రికలో అమెరికా శాస్త్రవేత్తలు ప్రచురించిన సమీక్ష, పశువుల సంఖ్య సమానంగా ఉన్నప్పుడు వంతుల మేత వలన గడ్డి దిగుబడి నిరంతర మేత కంటే మెరుగ్గా ఉన్నట్లు ప్రయోగాలలో అధిక భాగం నిరూపించలేదని పేర్కొన్నది. భూమి మోయగలిగిన దానికంటే ఎక్కువ పశువులను ఉంచితే ఏ కంచె కూడా గడ్డిని కాపాడలేదు. వానలు లేని నెలలలో గడ్డి పెరగదు కనుక వేరుశనగ కట్టె, రాగి గడ్డి, వరిగడ్డి, పాతర గడ్డి నిల్వలు తప్పనిసరి.

రైతులు పాటించవలసిన అంశాలు

ప్రమాణ గుర్తింపు గల ఎనర్జైజర్‌ను మాత్రమే వినియోగించాలి. తీగపై పిల్లలకు, బాటసారులకు కనిపించేలా హెచ్చరిక బోర్డులు కట్టాలి. పశువులను మొదటి రెండు మూడు రోజులు చిన్న దొడ్డిలో తీగకు అలవాటు చేయాలి. ప్రతి భాగంలోను నీటి తొట్టి, నీడ ఉండాలి. గొర్రెలను ఒకే భాగంలో నాలుగైదు రోజులకు మించి ఉంచకుండా జరిపితే నట్టల బెడద తగ్గుతుంది. తొలి వర్షాలకు మొలిచిన లేత గడ్డిపైకి వెంటనే పశువులను వదలక, జానెడు ఎత్తు ఎదిగిన తరువాతే మేత ప్రారంభించాలి. ఎకరం, అర ఎకరంలో ఒక ఋతువు పాటు ప్రయత్నించి, పాల దిగుబడిని, గడ్డి కోలుకొన్న రోజులను నోటు పుస్తకంలో వ్రాసుకొన్న తరువాతే మిగిలిన భూమికి విస్తరించడం మేలు. సందేహాల నివృత్తికి స్థానిక పశువైద్యాధికారిని, అడవి అంచు గ్రామాలవారు అటవీ సిబ్బందిని ముందుగా సంప్రదించాలి.